గింజ ముడతలు పడితే పాత విత్తనమేనా? బఠానీపై పాఠకుల ప్రశ్నలు

మక్క కోతలు మొదలవగానే బఠానీ గురించి ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి చేలో వేసేవాళ్ళ ప్రశ్నలు, వంటింటి ప్రశ్నలు కలిపి ఒకేచోట ఇస్తున్నాం. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఊరి పేరే పెట్టాం.

ప్రశ్న: మక్క కోసిన ఎకరం చెల్క ఖాళీగ ఉంటది. బోరు నీళ్ళున్నయి. పచ్చి బఠానీ వేద్దామనుకుంటున్నం. సంక్రాంతి దాటినంక వేస్తే ఎండాకాలంల మంచి ధర పలుకుతదని అంటున్నరు. వేయొచ్చా? (నర్సంపేట)

జవాబు: ధర పలుకుతుందన్న మాట నిజమే. పంటే రాదు. బఠానీ చలి మొక్క. పూత, పిందె సమయంలో పగటి ఎండ 30 డిగ్రీలు దాటితే పూలు రాలిపోతాయి. నిలిచిన కాయల్లోనూ గింజలు సరిగ్గా కట్టవు. మనవైపు డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం 28, 30 డిగ్రీలు ఉంటుంది. అంటే ఈ పంటకు మన చలికాలమే బొటాబొటిగా సరిపోతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రుళ్ళు బాగా చల్లబడతాయి కాబట్టి వాళ్ళకు కొంత వెసులుబాటు ఉంది. వరంగల్, మహబూబాబాద్ వాళ్ళకు అదీ లేదు.

తేదీలు వెనక్కి లెక్కపెట్టుకోండి. తొందరగా కాపుకొచ్చే అర్కెల్ రకం 35 నుంచి 40 రోజులకు పూతకొస్తుంది. 55 నుంచి 60 రోజులకు మొదటి కోత, తర్వాత రెండు మూడు వారాల్లో మిగతా కోతలు. అక్టోబర్ 20న విత్తితే జనవరి మొదటి వారానికి పని అయిపోతుంది. నవంబర్ 15న విత్తితే ఫిబ్రవరి మొదటి వారానికి బయటపడతారు. డిసెంబర్ నడుమ విత్తితే గింజ కట్టే పని ఫిబ్రవరి ఎండల్లో పడుతుంది. సంక్రాంతి తర్వాతైతే తీగ పెరుగుతుంది, కాయ మాత్రం దక్కదు. అలాగని సెప్టెంబర్‌లో తొందరపడటమూ మంచిది కాదు. నేల వేడి తగ్గదు, వానలు ఆగవు, మొలకలు ఎండు తెగులుకు పోతాయి.

ఎకరాకు 40 కిలోల విత్తనం కావాలి. సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, సాలులో 5 నుంచి 8, లోతు 3 నుంచి 5 సెంటీమీటర్లు. ముందు నేలను తడిపి, పదునులో విత్తండి. విత్తిన వెంటనే తడి పెడితే చెల్క పైపొర గట్టిపడి మొలక పైకి రాలేదు. అక్టోబర్‌లో అల్పపీడనం పట్టి రెండు రోజులు ముసురుకుంటే బఠానీ వేర్లు కుళ్ళిపోతాయి కాబట్టి, నీరు నిలిచే చోట బోదెల మీదే విత్తాలి. నల్లరేగడిలో అయితే ఇది తప్పనిసరి.

ఎరువు తక్కువే. 4, 5 టన్నుల పశువుల ఎరువు, ఒక బస్తా డీఏపీ, 30 కిలోల పొటాష్, అన్నీ దుక్కిలోనే. డీఏపీ బస్తాలో ఉన్న 9 కిలోల నత్రజని చాలు. పచ్చగా లేదని పైనుంచి యూరియా చల్లితే ఆకు విపరీతంగా పెరిగి పూత వెనకబడుతుంది. పూత సమయంలో ఒకటి, కాయలో గింజ ఊరేటప్పుడు ఒకటి, ఈ రెండు తడులు తప్పకూడదు. విత్తిన 20, 25 రోజులప్పుడు ఒకసారి, 40 రోజులప్పుడు ఇంకోసారి కలుపు తీస్తే తర్వాత తీగే నేలను కప్పేస్తుంది.

మీరు రాయని విషయం ఒకటి ఉంది. మక్కలో కలుపుకు అట్రాజిన్ కొట్టారా? నేలలో అది మిగిలి ఉంటే బఠానీ తట్టుకోలేదు. మొలక మామూలుగానే వస్తుంది, తర్వాత అడుగు ఆకుల అంచులు పసుపు రంగుకు తిరిగి మాడిపోతాయి. అనుమానముంటే మక్క కోయకముందే చేనులో నాలుగైదు చోట్ల పై 10 సెంటీమీటర్ల మట్టి తీసి ఒక డబ్బాలో, మందు పడని గట్టు మట్టి ఇంకో డబ్బాలో నింపి, పదేసి గింజలు వేసి మూడు వారాలు చూడండి. రెండు డబ్బాల్లోనూ మొక్కలు ఒకేలా ఉంటేనే ఎకరం విత్తనం కొనండి.

ప్రశ్న: దుకాణంల అర్కెల్ విత్తనం అని ఇచ్చిండ్రు. గింజలన్నీ ముడతలు పడి, వంకరటింకరగ ఉన్నయి. కిరాణా కొట్టుల బఠానీ చూస్తే గుండ్రంగ, నున్నగ ఉంటది. నాకు పాత విత్తనం అంటగట్టిండ్రా? (ములుగు)

జవాబు: ముడతలు చూసి భయపడకండి. నున్నగా ఉంటేనే అనుమానించాలి, ఎందుకంటే అర్కెల్ గింజ ఎండితే ముడతలు పడటమే దాని లక్షణం. పచ్చిగా తినే తీపి రకాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఎండు గింజ కోసం, పప్పు కోసం పండించేవి నున్నగా ఉంటాయి.

గింజలో తయారయ్యే చక్కెరను మొక్క పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది. ఆ పిండి గొలుసులకు కొమ్మలు అతికించే ఎంజైము ఒకటి ముడతల రకాల్లో పనిచేయదు. పిండి తక్కువగా తయారై చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువున్న గింజ నీటిని కూడా ఎక్కువ లాక్కుని ఉబ్బుతుంది. ఎండేటప్పుడు ఆ నీరంతా పోయి తోలు వదులై ముడుచుకుంటుంది. పచ్చిగా నోట్లో వేసుకుంటే తియ్యగా ఉండటానికీ, ఎండితే ముడతలు పడటానికీ కారణం ఒకటే.

జన్యుశాస్త్రానికి పునాది వేసిన గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా బ్రనో ఊరి మఠం తోటలో లెక్కపెట్టిన గింజలు ఇవే. నున్న గింజ రకాన్నీ ముడత గింజ రకాన్నీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ నున్నవే వచ్చాయి. వాటిని మళ్ళీ విత్తితే 5,474 నున్నవి, 1,850 ముడతవి వచ్చాయి, అంటే దాదాపు మూడు నున్నవాటికి ఒక ముడతది. ఆ లెక్కలు 1866లో అచ్చయ్యాయి. ముడతకు కారణమైన జన్యువు ఏదో, అందులో ఏం చెడిందో మాత్రం 1990లో తేలింది.

చేనులో మీకు పనికొచ్చేది ఇంకొకటి. ముడత గింజ నేలలో నీళ్ళు పీల్చేటప్పుడు కొంత చక్కెరను బయటికి వదులుతుంది. ఆ తీపికి కుళ్ళు శిలీంధ్రాలు చేరతాయి. కాబట్టి కిలో విత్తనానికి శిలీంధ్రాలను ఆపే మందు, 3 గ్రాముల థైరమ్ గానీ కాప్టాన్ గానీ పట్టించాల్సిందే. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి విత్తే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. బఠానీకి అది చేటు. గాలాడక గింజ పగులుతుంది, లోపలి సారం నీళ్ళలోకి పోతుంది. పొడి గింజనే పదునులో వేయండి.

కొన్న విత్తనం పాతదా కాదా అన్నది కంటితో చూసి చెప్పలేం. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టి, పట్టా ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ వారం తర్వాత లెక్కపెట్టండి. 75 కన్నా తక్కువ మొలిస్తే బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్ళండి.

ప్రశ్న: నిరుడు పల్లికి తెచ్చిన రైజోబియం ప్యాకెట్లు మిగిలితే బఠానీకి పట్టించినం. ఫాయిదా కనిపించలె. కల్చరే దండుగనా? (జగిత్యాల)

జవాబు: దండుగ కాదు. రైజోబియం అంటే వేర్ల బొడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. మీకు ఫాయిదా కనిపించకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పల్లికి పనిచేసే బ్యాక్టీరియా వేరు, బఠానీకి వేరు. పల్లి, బొబ్బెర, పెసర ఒక గుంపు. సోయాకు దానిది, శనగకు దానిది. బఠానీ, మసూర్ ఇంకో గుంపు. ప్యాకెట్ మీద బఠానీ అని రాసి ఉన్నదే కొనాలి. రెండోది, నిరుటి ప్యాకెట్‌లో సూక్ష్మజీవులు బతికుండవు. గడువు తేదీ చూడాలి, దుకాణంలో కూడా ఎండ తగలని చోట పెట్టి ఉండాలి.

లీటరు నీళ్ళలో 100 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక నాలుగు 200 గ్రాముల ప్యాకెట్లు కలిపితే 40 కిలోలకు సరిపోతుంది. వేడి పాకంలో కలిపితే కల్చర్ చచ్చిపోతుంది. థైరమ్ ముందు పట్టించి ఆరనిచ్చాక, విత్తే రోజు మాత్రమే ఇది పట్టించి నీడలో ఆరబెట్టండి.

పనిచేసిందో లేదో 30 రోజులకు చూడండి. మొక్కను పీకితే బొడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి, కాబట్టి పారతో గడ్డంతా లేపి నీళ్ళలో ముంచి మట్టి విదిలించాలి. బొడిపెను గోరుతో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపించాలి. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే అవి నత్రజని పట్టడం లేదు.

ప్రశ్న: కాయ నింపుతున్న టైంల ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగ వస్తున్నది. (నిర్మల్)

జవాబు: బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండి మంచు పడే జనవరి దీనికి సరైన కాలం. మిగతా తెగుళ్ళలాగా దీనికి వాన అవసరం లేదు. తొలి మచ్చలు అడుగు ఆకుల మీద కనపడగానే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఆకు రెండు వైపులా తడిసేలా చల్లపూట పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పడుతుంది. మిట్టమధ్యాహ్నం కొడితే గంధకమే ఆకును మాడుస్తుంది. 10 రోజులకు మళ్ళీ ఒకసారి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉన్నది పాటించండి.

అయితే కాయలు సగానికి పైగా నిండి, ఇంకో కోతే మిగిలి ఉంటే మందు ఖర్చు పెట్టకండి. కోసి అమ్మేయడమే లాభం. ప్రతి ఏడూ ఇదే బాధ అయితే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అజిత్ వేసి చూడండి. బూడిద తెగులునూ కుంకుమ తెగులునూ తట్టుకుంటుంది. కాకపోతే అర్కెల్ కన్నా ఎక్కువ రోజులు తీసుకుంటుంది కాబట్టి అక్టోబర్ దాటనివ్వొద్దు.

ప్రశ్న: మిద్దె మీద కిరాణా కొట్టు బఠానీలు వేస్తే మొలుస్తాయా? (హన్మకొండ)

జవాబు: ఎండు గుండు బఠానీలు కొన్ని మొలుస్తాయి. కానీ అవి పప్పు రకాలు, పచ్చిగా తింటే పిండి పిండిగా ఉంటాయి. ఏ రకమో, ఎన్నాళ్ళకు పూస్తుందో తెలియదు. ఫ్రీజర్ ప్యాకెట్‌లోవి వేడినీళ్ళలో వేసి తీసినవి కాబట్టి మొలవవు. 100 గ్రాముల అర్కెల్ విత్తనం కొనుక్కోండి, చాలా సంచులకు వస్తుంది.

అడుగు వెడల్పు, అడుగు లోతు సంచికి ఆరు గింజలు. పత్తి కట్టె గానీ కంది కట్టె గానీ కొమ్మలతో సహా గుచ్చితే నులితీగలు వాటంతటవే పట్టుకుంటాయి. నున్నటి పైపు పెడితే జారిపోతాయి. మొలకలు ఉడతల పాలవకుండా మొదటి రెండు వారాలు వల కప్పండి. సంచికి పావు కిలో కాయ వస్తే బాగా వచ్చినట్టే, ఒలిస్తే నూరు గ్రాముల గింజ. కూర కోసమైతే పది సంచులైనా ఉండాలి. రెండు సంచులు పిల్లలు పచ్చివి తెంపుకుని తినడానికే సరిపోతాయి, అది కూడా తక్కువేం కాదు.

వచ్చే ఏడుకు విత్తనం మీరే దాచుకోవచ్చు. పువ్వు విచ్చుకోకముందే బఠానీలో పరాగసంపర్కం అయిపోతుంది, అందుకని పక్కన ఏ రకం ఉన్నా మీ రకం చెడదు. కాయ తీగ మీదే ఎండి గలగలలాడాక తీయండి.

ప్రశ్న: జనవరిలో చౌకగా దొరికినప్పుడు తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే నెలకే గడ్డివాసన వస్తోంది. (కరీంనగర్)

జవాబు: పచ్చివే నేరుగా పెట్టి ఉంటారు. గింజలోని ఎంజైములు గడ్డకట్టే చలిలో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి, ఆ వాసన వాటిదే. వేడినీళ్ళలో వేసి తీస్తేనే వాటి పని ఆగుతుంది.

కాయ కోసిన గంట నుంచే చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. మన మార్కెట్‌కు జబల్‌పూర్ వంటి చోట్ల నుంచి వచ్చే కాయ అప్పటికే లారీలో ఒకటి రెండు రోజులు గడిపి ఉంటుంది. తెచ్చినరోజే ఒలవండి. రెండు కిలోల కాయకు కిలోకు కాస్త అటూ ఇటూ గింజ వస్తుంది. పసుపు రంగుకు తిరిగినవి, ముదురువి వేరుచేసి కూరకు వాడేయండి.

నాలుగు లీటర్ల నీళ్ళు తెర్లుతుండగా అర కిలో గింజలు వేసి, మళ్ళీ పొంగు వచ్చాక సరిగ్గా ఒకటిన్నర నిమిషం. వెంటనే ఐసు నీళ్ళలోకి, అక్కడా అంతే సేపు. తర్వాత బట్ట మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా పెడితే ముద్దకట్టి, వాడేటప్పుడు సుత్తి కావాల్సి వస్తుంది. పళ్ళెంలో ఒక్క వరసగా పరిచి ఫ్రీజర్‌లో నాలుగు గంటలు పెట్టి, గట్టిపడ్డాక సంచుల్లో నింపి గాలి తీసేయండి. ఒక పూటకు సరిపడా చిన్న సంచులు చేసుకుంటే మంచిది. ఒకసారి కరిగినవి మళ్ళీ గడ్డకట్టించొద్దు. కరెంటు పోయి కరిగితే ఆరోజే వండేయండి. మైనస్ 18 డిగ్రీలు నిలబడే ఫ్రీజర్‌లో 8 నెలలకు పైగా ఉంటాయి. రోజుకు పదిసార్లు తలుపు తీసే ఇంటి ఫ్రిజ్‌లో నాలుగైదు నెలలే అనుకోండి.

ఇక కూరలో రంగు మారుతోందని ఇంకొకరు రాశారు. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగులోని మెగ్నీషియం ఊడిపోయి గోధుమ ఛాయ వస్తుంది. మూత తీసి ఉడికించి, టమాటను వేరుగా మగ్గించి చివర్లో కలపండి.

ప్రశ్న: ఎండు బఠానీ గుడాలు ఎంత ఉడికించినా గట్టిగనే ఉంటున్నయి. సోడా వేస్తే మెత్తగైతున్నయి గని సబ్బు వాసన. (పరకాల)

జవాబు: బోరు నీళ్ళు వాడుతుంటే తప్పు నీళ్ళదే. అందులోని కాల్షియం గింజ తోలును బిగించేస్తుంది. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ నల్లా నీళ్ళో ఫిల్టర్ నీళ్ళో వాడి చూడండి. రెండో కారణం పాత సరుకు. ఏడాదికి పైగా వేడిలో నిల్వ ఉన్న బఠానీ ఏం చేసినా పూర్తిగా మెత్తబడదు.

పావు కిలో బఠానీని లీటరు నీళ్ళలో చెంచాడు ఉప్పు వేసి 10 గంటలు నానబెట్టండి. ఉప్పు వేస్తే ఉడకదన్నది ఉత్త మాట, నానే నీళ్ళలో ఉప్పు తోలును మెత్తబరుస్తుంది. ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమాట, నిమ్మ అన్నీ ఉడికాకే. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోస్తే కడుపు ఉబ్బరం కూడా కొంత తగ్గుతుంది, గ్యాసుకు కారణమైన చక్కెరల్లో కొంత భాగం ఆ నీళ్ళతో పోతుంది. కుక్కర్ సగానికి మించి నింపకండి, నురుగు విజిల్‌కు అడ్డుపడుతుంది. చుక్క నూనె వేస్తే నురుగు తగ్గుతుంది. నాలుగు విజిల్స్ వచ్చాక ఆవిరి దానంతటదే పోనివ్వండి. సోడా తప్పదనుకుంటే నానే నీళ్ళలో పావు చెంచా చాలు. ఎక్కువైతే సబ్బు వాసనే కాదు, బీ1 విటమిన్ కూడా పోతుంది.

పోపులో ఎల్లిగడ్డ దంచి వేసి, ఎండుమిర్చి, కల్యామాకు చిటపటలాడాక సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి, అది పచ్చిపచ్చిగా ఉండగానే గుడాలు కలపండి. దించాక నిమ్మరసం.

ప్రశ్న: శనగపిండిలో బఠానీ పిండి కలుపుతున్నారట. యాసిడ్ వేస్తే తెలుస్తుందని విన్నాం. (వరంగల్)

జవాబు: యాసిడ్ పరీక్ష దీనికి కాదు. అది మెటానిల్ ఎల్లో అనే రంగునూ, కేసరి పప్పునూ పట్టుకోవడానికి చెప్పేది. బఠానీ పిండి కలిస్తే ఇంట్లో తేల్చే నమ్మకమైన పద్ధతి లేదు, ప్రయోగశాలకు పంపాలి. శనగపప్పు కొని గిర్నీ పట్టించుకోవడమే సులువు.

ఈ కల్తీకి మూలం ధరలో తేడా. పసుపు బఠానీ కెనడా, రష్యాల నుంచి ఓడల్లో వస్తుంది. 2017 నవంబర్‌లో దానిమీద 50 శాతం దిగుమతి సుంకం వేశారు, 2023 డిసెంబర్‌లో ఎత్తేశారు, 2025 నవంబర్ నుంచి మళ్ళీ 30 శాతం వేశారు. శనగ కన్నా చౌకగా దొరికితే పిండిలోకి చేరుతుంది. బఠానీ పిండి విషం కాదు, శనగ ధర పెట్టి బఠానీ కొంటున్నామన్నదే ఇక్కడి మోసం. కేసరి పప్పు సంగతి అలా కాదు. దాన్నే ముఖ్యాహారంగా నెలల తరబడి తింటే కాళ్ళు చచ్చుబడతాయి.

ఆకుపచ్చ ఎండు బఠానీకి రంగు వేశారేమో మాత్రం ఇంట్లోనే చూడొచ్చు. గాజు గ్లాసు నీళ్ళలో పిడికెడు వేసి కలిపి అరగంట ఆగండి. రంగు విడిగా నీళ్ళలోకి దిగితే పారేయండి. అసలు గింజలు లేత ఆకుపచ్చగా, కొన్ని వెలిసిపోయి ఉంటాయి. అన్నీ ఒకే నిగనిగతో ఉంటే అనుమానించాల్సిందే.

ప్రశ్న: బఠానీ అని రాయాలా, బఠాణీ అనా? (హన్మకొండ విద్యార్థిని)

జవాబు: రెండూ అచ్చులో ఉన్నాయి, ఏదైనా తప్పు కాదు. మేం బఠానీ అని రాస్తాం. మరాఠీలో వాటాణా, కన్నడంలో బటాణి, తమిళంలో పట్టాణి. అమరకోశంలో ఈ గింజకు కలాయం, సతీనకం అన్న పేర్లున్నాయి. ఇంగ్లిష్‌వాళ్ళు మొదట పీజ్ అనే అనేవారు. చివరి ధ్వని బహువచనమేమో అనుకుని దాన్ని తీసేసి, ఒక్క గింజకు పీ అన్న మాట తయారుచేసుకున్నారు.

ప్రశ్న: ఒలిచిన తొక్కలు పారేయబుద్ధి కావడం లేదు. వండుకోవచ్చా? (మంచిర్యాల)

జవాబు: లేత కాయల తొక్కలైతే వండుకోవచ్చు, లోపలి పొర తీయాలి. తొక్కను లోపలివైపు తిప్పి, కొన దగ్గర వెనక్కి విరవండి. కాగితంలాంటి పలుచని పొర విడిపోతుంది. దాన్ని మెల్లగా లాగితే చివరిదాకా వస్తుంది. ఆ పొర ఎంతసేపు ఉడికినా నమలలేం. మిగిలిన మెత్తటి భాగాన్ని సన్నగా తరిగి ఆలుగడ్డతో వేపుడు చేసుకోండి. ఓపిక లేకపోతే బర్రెలకు వేయండి, ఇష్టంగా తింటాయి. కాయంతా తినాలనుకుంటే ఈ పొర లేని రకాలే వేరుగా ఉన్నాయి, వాటిలో అర్కా సంపూర్ణ ఒకటి.